సున్నము వేయుటకు ముందు

డిసెంబరు నెల రెండవ వారము వచ్చునప్పటికి మా పల్లెలో ప్రతి క్రైస్తవ గృహపు వాకిటను ఒక సున్నపుకుండ ఉడుకుచుండెడిది. ఉడుకుట యన్నది అలంకారము కాదు. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసినంతనే, క్రింద నిప్పు లేకుండగనే, అది బుసకొట్టి, పగిలి, పొంగి, వెన్నవంటి ముద్దయగును. మా నాయనగారు పిల్లలను ఆ దరిదాపులకు రానీయక, రాత్రియంతయు దానిని నాననిచ్చి, మరునాడు పాతపంచెలో వడగట్టి, పిడికెడుప్పును, తుమ్మజిగురును, చిటికెడు నీలిమందును కలిపి, అప్పటికిని కుంచె ముట్టక, మొదట గోడ గోకుటకు పూనుకొనెడివారు. గోకుటకు రెండు దినములు, పూయుటకు ఒక పూట.

నాయనగారు కాలము చేసిన యేడు ఆ రెండు దినములను నేను మిగుల్చుకొంటిని. క్యారల్సువారు వచ్చువేళ కావచ్చెను, నక్షత్రము కట్టవలసియుండెను, అరిసెల సందడి యొకటి. పాతపూతమీదనే కొత్తపూత పెట్టి, మల్లెపూవువంటి గోడను చూచి మురిసితిని. సంక్రాంతినాటికి అది పెచ్చులుపెచ్చులుగా ఊడి అరుగుమీద కుప్పపడెను.

క్రిస్మసుకు ముందటి ఆదివారములలో బాప్తిస్మమిచ్చు యోహాను పిలుపును మేము చిన్ననాటినుండి వినుచున్నాము. గ్రీకు మూలములోని 'మెటానోయా'కు మన అనువాదకులు 'మారుమనస్సు' అను మాటను నిలిపి మహోపకారము చేసిరి. పశ్చాత్తాపమును ఎరుగనివా రెవరు? అందలి తాపము సున్నపుకుండలోని ఉడుకువంటిది, తెల్లవారునప్పటికి చల్లారును. మారుమనస్సు గోడ గోకుటవంటిది, దినములు పట్టును.

ధాత కరువునాడు, 1876–78 సంవత్సరములలో, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమున కొంతమేర గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించిన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర, బాప్తిస్మము కోరి వచ్చిన జనమును, గంజికొరకు వచ్చిరో ప్రభువుకొరకు వచ్చిరో తేలువరకు ఆగుడనెను. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3న, వెలుంపిల్లివద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మావారు ఆ సంఖ్యను గర్వముగా చెప్పుకొందురు. నాకు మాత్రము ఆయన ఆగిన నెలలే గొప్పవిగా తోచును.

ఈ యేడు బుద్ధి తెచ్చుకొని గోకితిని. పడమటిగోడ అడుగుపూతలో, గేరుతో వ్రాసిన అక్షరములు బయటపడెను: అది మా తాతగారి పేరు, బాప్తిస్మపు పేరు కాదు, అంతకు మునుపటిది. ఇంటిలో ఎవ్వరమును ఆ పేరు పలుకగా వినియుండలేదు. నాకు మొదట సిగ్గువంటిదేదో కలిగినమాట దాచను. సౌలు మారి పౌలాయెనని మనము సులువుగా చెప్పుదుము గాని, అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయము అతనికి రెండు పేర్లును కలవనియే చెప్పుచున్నది. పేతురను పేరు తానే పెట్టిన ప్రభువు సైతము, అతడు ఎరుగనని బొంకబోవు రాత్రి, 'సీమోనూ' అని పాతపేరుననే పిలిచెను. ఆ పిలుపులో నింద యున్నదని నేననుకొనను. ఇంటివారు పిలిచెడి పేరది.

నిన్న సాయంత్రము పడమటిగోడకు మొదటిపూత వేసితిని. సున్నము తడిగా నున్నంతసేపు గాజువలె పలుచన. తెలుపు ఆరినకొలదియే తేలును. దీపము తెచ్చి చూచితిని. తాతగారి పేరు తడిపూతలోనుండి ఇంకను కనబడుచునే యున్నది. రెండవపూతకు కుండలో సున్నము మిగిలియున్నది. క్యారల్సువారు ఎల్లుండి వత్తురు.