తెరమీదా తానే, కెమెరా వెనకా తానే

దర్శకురాలే కథానాయికగా నటిస్తుంటే ఆ పని ఎంత కష్టమో హాల్లో కూర్చున్న మనకి తట్టదు. 1973లో నటి విజయనిర్మల ‘మీనా’ సినిమా తీశారు. దానికి ఆధారమైన నవల యద్దనపూడి సులోచనారాణిది. సినిమాలో దర్శకత్వం, మీనా పాత్ర రెండూ విజయనిర్మలవే. అప్పట్లో సెట్‌లో మానిటర్ లేదు. షాట్ ఎలా వచ్చిందో చూసుకోవాలంటే నెగెటివ్ ల్యాబ్‌కి వెళ్లి, రషెస్ వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే అంతా ముందే మనసులో కట్టుకోవాలి. ఈ లెన్స్‌లో తన ముఖం ఎంత పడుతుంది? నేలమీద సుద్దగీత దగ్గర ఆగితే కళ్లలోకి లైటు వస్తుందా? కిందటి షాట్‌లో కొంగు చేతిలో ఉందా, జారి ఉందా? డైలాగ్ చెబుతూనే ఎదుటి నటుడి టైమింగ్ కనిపెట్టాలి. ఏడుపు సీను ముగిసీ ముగియగానే, చెంపలు తుడుచుకుని, లైట్‌మన్‌కి తరవాతి సెటప్ చెప్పాలి. చుట్టూ దాదాపు అందరూ మగవాళ్లే ఉన్న యూనిట్‌లో ఆమె మాటమీద ట్రాలీ కదిలింది, కెమెరా తిరిగింది. అలా దర్శకురాలిగా 44 సినిమాలు! 2002లో గిన్నిస్ వాళ్లూ లెక్కగట్టారు. నాకు మాత్రం అంతకన్నా, నవల్లో చదివిన మీనాని ఒక ఆడమనిషి చూపుతోనే తెరకెక్కించడం ఎంతో గొప్పగా అనిపిస్తుంది.