రెండు సూదుల పరీక్ష

1968 నుంచి తిరువళ్లూరు చుట్టుపక్కల పల్లెల్లో మనిషికి రెండేసి సూదులు వేశారు. ఒకదానిలో క్షయ క్రిమి నుంచి తీసిన ట్యూబర్‌క్యులిన్ ద్రవం, రెండోదానిలో మట్టిలోనూ నీటిలోనూ బతికే దాని దాయాది క్రిముల నుంచి తీసిన ద్రవం. మూడో రోజున మళ్లీ వచ్చి, సూది పడ్డచోట లేచిన గట్టి వాపును మిల్లీమీటర్లలో కొలిచి రాసుకున్నారు. అప్పటికది చెంగల్పట్టు జిల్లా; తిరువళ్లూరు విడి జిల్లా అయింది 1997లో.

భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన బీసీజీ టీకా పరీక్ష అది. సుమారు 3,60,000 జనాభాలో 2,60,000 మందికి పైగా టీకా గానీ, మందులేని ఉత్తుత్తి సూది గానీ వేసి ఏళ్లతరబడి వెంట నడిచారు. క్షయ టీకా మీద ప్రపంచంలో ఇంత పెద్ద పరీక్ష అంతకుముందు జరగలేదు.

అసలు బీసీజీ ఆవు నుంచి వచ్చింది. పొదుగుకు క్షయ సోకిన ఒక పడ్డ నుంచి ఫ్రాన్సులో నొకార్ అనే పశువైద్యుడు తీసిన క్రిమిని కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908లో లీల్ నగరంలో పెంచడం మొదలుపెట్టారు. పైత్యరసం, గ్లిజరిన్ పట్టించిన బంగాళాదుంప ముక్క దానికి ఆహారం. మూడేసి వారాలకోసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ, 13 ఏళ్లలో 230 సార్లు మార్చారు. ఆ దారిలో క్రిమి తన జన్యుపటంలో కొంత భాగాన్ని పోగొట్టుకుంది, దానితోపాటు జబ్బు తెచ్చే శక్తినీ. పోయిన ముక్కకు ఆర్‌డీ1 అని పేరు పెట్టింది ఎన్నో దశాబ్దాల తర్వాత, 1996 నాటి అణుజీవశాస్త్రజ్ఞులు. ఆ ముక్క సంగతి మళ్లీ వస్తుంది.

తెలుగువాళ్లకు ఈ టీకా పరాయిది కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో ఫ్రిమోట్ మల్లర్ అనే డాక్టరు 1950లోనే పల్లెల్లో బీసీజీ పరీక్ష మొదలుపెట్టాడు. అప్పటికి మదనపల్లె, తిరుత్తణి రెండూ చిత్తూరు జిల్లావే. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది.

తిరువళ్లూరు ఫలితం ప్రపంచాన్ని కుదిపింది. ఏడున్నరేళ్ల లెక్కలు చూస్తే, పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదు. పదిహేనేళ్ల లెక్కలూ అదే చెప్పాయి. (పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు టీకా నేటికీ వేస్తున్నారు, వేయాలి కూడా.) ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు రెండో సూది ఒక దారి చూపింది. ఆ ద్రవానికి అక్కడి జనంలో చాలామందికి చర్మం వాచింది. అంటే టీకా పడేనాటికే వాళ్ల ఒళ్లు మట్టి క్రిములతో పరిచయంలో ఉంది. టీకా కొత్తగా నేర్పేది తక్కువే మిగిలింది. ఇది అందరూ ఒప్పుకున్న తుది మాట కాకపోయినా, బలమైన వివరణ.

పశువుల డాక్టర్లు చేసేదీ ఇదే పరీక్ష. ఆవు మెడ మధ్యలో రెండుచోట్ల వెంట్రుకలు కత్తిరించి, చర్మాన్ని మడతపెట్టి కాలిపర్‌తో మందం కొలుస్తారు. పైచోట పక్షి క్షయ క్రిమి ద్రవం, కిందిచోట ఆవు క్షయ క్రిమి ద్రవం, ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరు. 72 గంటలకు మళ్లీ అదే మడత, అదే కాలిపర్. కింది వాపు పైదానికంటే 4 మిల్లీమీటర్లు మించితే ఆ ఆవుకు క్షయ ఉన్నట్టు లెక్క. పై సూది లేకపోతే మట్టిక్రిములకు వాచిన ఆరోగ్యమైన ఆవు మీద కూడా నేరం పడుతుంది. ఇంత చవకగా, కొట్టంలోనే నిలబడి, దోషిని దాయాది నుంచి విడదీసే పద్ధతులు అరుదు. ఇది నేటికీ పాతబడకపోవడానికి కారణం అదే.

అయితే సూది చెప్పలేనివి ఉన్నాయి. వాటిని చెన్నై క్షయ పరిశోధన కేంద్రం ప్రయోగశాలలో వెతికారు. సుజాతా నారాయణన్ బృందం తిరువళ్లూరు రోగుల కఫం నుంచి పెంచిన క్రిములకు వేలిముద్రలు తీసి 2002లో ప్రచురించింది. గుడ్డుతో చేసిన ఆకుపచ్చని మాధ్యమం మీద క్రిమి గరుకుగా, మీగడ రంగులో కనబడడానికే వారాలు పడుతుంది. ఆ తర్వాత డీఎన్‌ఏను ఎంజైముతో కోసి, జెల్ మీద నడిపి, ఐఎస్6110 అనే ముక్క ఎన్నిచోట్ల ఉందో గీతలుగా చూస్తారు. మిగతా దేశాల్లో సాధారణంగా ఎన్నో గీతలు పడతాయి. ఇక్కడ పదింట దాదాపు నాలుగింటికి ఒకటే గీత. ఆవు క్షయ క్రిమికీ మామూలుగా ఒకటే గీత ఉంటుంది, కానీ ఇవి ఆవువి కావు. దక్షిణ భారతంలో పాతుకుపోయిన పురాతన మానవ క్షయ వంశం ఇది.

మరి ఆవు నుంచి మనిషికి రావడం లేదా? వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పెరిగిన 940 నమూనాలను జన్యుముక్కలతో వడగట్టిన అధ్యయనం 2020లో వచ్చింది. అందరూ అనుమానించిన ఆవు క్రిమి మైకోబాక్టీరియం బోవిస్ సహజ రూపంలో ఒక్కటీ దొరకలేదు. ఏడుగురిలో మైకోబాక్టీరియం ఒరిజిస్ దొరికింది. దీనికి జాతిగా పేరు పెట్టిందే 2012లో. చెన్నైలో ఆవుల నుంచీ, అడవి గిట్టల జంతువుల నుంచీ ఇదే క్రిమిని తీశారు. ఏడు చిన్న అంకెలా కనబడవచ్చు. ఆసుపత్రుల్లోని సీబీనాట్ యంత్రం మాత్రం ఈ క్రిములన్నిటికీ కలిపి క్షయ అని ఒకటే జవాబు చెబుతుంది. ఏ రోగికి జబ్బు కొట్టం నుంచి వచ్చిందో ఆ కాగితం మీద తెలియదు.

దేశంలో ఆవులు, ఎనుములు కలిపి 2 కోట్ల 18 లక్షల పశువులకు క్షయ సోకి ఉండవచ్చని 2018లో ఒక అంచనా వచ్చింది. మనవాళ్లు పాలు పొంగేదాకా కాచే అలవాటు పాల దారిని చాలావరకు మూసేసింది. కొట్టంలో పీల్చే గాలికి ఆ రక్ష లేదు. బ్రిటన్‌లోలా వాపు తేలిన పశువును కోతకు పంపడం ఇక్కడ జరిగే పని కాదు. టీకా వేయడం ఒకటే మిగిలిన దారి, కానీ బీసీజీ వేసిన ఆవు మెడ కూడా మామూలు ద్రవానికి వాస్తుంది. అక్కడే ఆర్‌డీ1 పనికొచ్చింది. బీసీజీ పోగొట్టుకున్న ఆ ముక్కలోని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్లను మరో ప్రోటీనుతో కలిపి వివేక్ కపూర్, శ్రీనిధి శ్రీనివాసన్ తదితరులు కొత్త చర్మపరీక్ష ద్రవం తయారుచేసి 2019లో ప్రకటించారు. టీకా పడ్డ ఆవు దీనికి వాచదు, జబ్బుపడ్డ ఆవు వాస్తుంది. 2024లో ఇథియోపియా దూడల మీది పరీక్షలో బీసీజీ మొత్తం ప్రభావం 89 శాతంగా తేలింది.

తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల్లో మనిషి క్షయకు ఒక శాఖ, పశువు క్షయకు ఇంకో శాఖ. కఫంలోని క్రిమిని ఆర్‌డీ9 అనే జన్యుముక్క ఉందో లేదో చూసి మానవ క్షయా, పశువుల నుంచి వచ్చినదా అని తేల్చడం పీసీఆర్ ఉన్న ఏ ప్రయోగశాలకైనా కొద్ది గంటల పని. లేదని తేలితే ఆ ఇంటి కొట్టానికి పశువుల డాక్టరు కాలిపర్ పట్టుకుని వెళ్లేలా, ఆవు మెడ వాచిన ఇంట్లో అందరి కఫమూ పరీక్షకు చేరేలా రెండు శాఖలూ ఒకే రిజిస్టరు పెట్టుకోవడం ఇప్పుడే మొదలవ్వాలి.