ఎద్దు ఎండకు, దున్న నీడకు: ఒక ఇంజనుపై విమర్శ

కావ్యాన్ని విమర్శించేవారు ఒక్కొక్క పద్యాన్ని విడదీసి, ఇది బాగున్నది, అది బాగులేదు అని చెప్పి ఊరుకోరు. భాగాలన్నీ ఒకదానితో ఒకటి పొసగినవా లేదా అని చూస్తారు. ఆ పొందికకు మన ఆలంకారికులు ఔచిత్యమని పేరు పెట్టారు. యంత్రానికి కూడా ఔచిత్యం ఉన్నది. మేలైన భాగాలను చేర్చినంత మాత్రాన మేలైన ఇంజను కాదు. ఈ సంగతి తెలుసుకొనడానికి అమెరికాలో షెవ్రొలే కంపెనీ 1967లో కమారో జడ్/28 అనే కారులో అమర్చిన 302 ఇంజనును పరీక్షిద్దాం. వారమంతా వీధిలో నడుపుకొంటూ, సెలవునాడు డ్రాగ్ పందెంలో దించే కారుకు ఇంజను కూర్చుకొనే యువకులు అక్కడ ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి ఈ 302 ఒక ఆదర్శం. డ్రాగ్ పందెమంటే, నిలిచి ఉన్న కారు తిన్నని బాటపై పావుమైలు, అనగా 402 మీటర్లు, ఎంత త్వరగా దాటునో చూచే పోటీ.

ఈ ఇంజను ఒక నిబంధన నుండి పుట్టినది. 1966లో ప్రారంభమైన ట్రాన్స్-ఆమ్ పందేలలో పెద్ద తరగతి కార్ల ఇంజను పరిమాణం 305 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 5 లీటర్లు, మించరాదు. ఇవి తిన్నని బాటపై కాక, మలుపులున్న బాటపై చాలాసేపు సాగే పందేలు. షెవ్రొలే ఇంజనీర్లు తమ 327 ఇంజనులోని 4 అంగుళాల వ్యాసంగల సిలిండర్లను, 283 ఇంజనులోని 3 అంగుళాల పిస్టన్ నడకను కలిపారు. సిలిండర్లు ఎనిమిది. లెక్క కడితే 302 ఘనపుటంగుళాలు, మన కొలతలో 4.94 లీటర్లు వస్తుంది.

ముందు గుణాలు చూద్దాం. పిస్టన్ నడక పొట్టిది కనుక, నిమిషానికి 7000 చుట్లు తిరిగినా పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.8 మీటర్లు మాత్రమే. 3.48 అంగుళాల నడకగల 350 ఇంజనులో అదే చుట్లకు ఈ వేగం 20.6 మీటర్లు. కవాటాలను నడిపే క్యాంషాఫ్టు వాటిని చాలాసేపు తెరచి ఉంచే రకం. అధిక వేగంలో లోనికి దూసుకువచ్చే గాలి తన జడత్వం చేత, పిస్టన్ పైకి తిరిగిన తరువాత కూడా సిలిండరును నింపుతూనే ఉంటుంది. అందుచేత లోపలి కవాటం ఆలస్యంగా మూయడమే లాభం. సంపీడన నిష్పత్తి 11:1. కార్బ్యురేటరు నిమిషానికి సుమారు 22,000 లీటర్ల గాలిని పోనిస్తుంది. 7000 చుట్లలో ఇంజనుకు కావలసినది 17,300 లీటర్లే. కార్బ్యురేటరు దానికి అడ్డుపడదన్నమాట. భాగాలన్నీ అధిక వేగమనే ఒకే దిక్కుకు లాగుతున్నవి. మార్క్ డొనహ్యూ ఈ కారుతో 1968, 1969 ట్రాన్స్-ఆమ్ పోటీలలో సాధించిన విజయాలకు ఈ పొందిక ఒక ముఖ్యకారణం.

ఒక్క భాగం మాత్రం పొసగలేదు. దహించిన వాయువులు బయటకు పోవడానికి కంపెనీ బిగించినది మామూలు పోతయినుప గొట్టాలే. పొడవైన ఉక్కు గొట్టాలను విడిగా కొనుక్కోవలసి వచ్చేది. లోనికి పెద్ద వాకిలి, బయటకు ఇరుకు సందు అన్నట్లున్నది.

ఇక వీధి సంగతి. కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారం ఈ ఇంజను గరిష్ఠ తిప్పుడు బలం 290 పౌను-అడుగులు, అదీ 4200 చుట్ల వద్ద. గరిష్ఠ సామర్థ్యం 290 అశ్వశక్తి, 5800 చుట్ల వద్ద. బలాన్ని చుట్లతో హెచ్చించి 5252తో భాగిస్తే అశ్వశక్తి వస్తుంది. కాబట్టి 4200 వద్ద ఉన్నది 232 మాత్రమే. మొదటి గేరు నిష్పత్తి 2.20, వెనుక ఇరుసు నిష్పత్తి 3.73, చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకొంటే, మొదటి గేరులోనే గంటకు 64 కిలోమీటర్ల వేగం వచ్చేవరకు ఇంజను తన పూర్తి బలాన్ని చూపదు. ఊరిలో మొదటి గేరులో 30 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు అది సగం నిద్రలో ఉంటుంది. పందెం కొరకు ఇరుసును 4.88కి మార్చితే ఆ 64 కాస్తా 49కి దిగుతుంది. కాని నాలుగవ గేరులో 100 కిలోమీటర్ల వేగంతో ప్రయాణం చేయడానికి, మునుపు 2960 చుట్లు చాలినచోట 3870 చుట్లు తిరగాలి. ఒకచోట సంపాదించినది మరొకచోట చెల్లించక తప్పదు.

అయినా దోషమంతా ఇంజనుది కాదు. తన పనికి అది తగినదే. అసలు దోషం దానినుండి ఒక్క భాగాన్ని ఎరువు తెచ్చుకొనేవారిది. 1970 దశకపు 350 ఇంజన్లలో అనేకం 8.5:1 సంపీడనం గలవి. అటువంటి దానిలో ఈ క్యాంషాఫ్టును బిగిస్తే ఏమవుతుంది? తక్కువ వేగంలో గాలికి చాలినంత జడత్వం ఉండదు. ఆలస్యంగా మూసుకొనే కవాటంగుండా పిస్టన్ దానిని వెనక్కు నెడుతుంది. అసలే తక్కువైన సంపీడనం మరింత పడిపోతుంది. కారు ఆటోమాటిక్ గేర్లదైతే, మామూలు టార్క్ కన్వర్టరు ఇంజనును బలమున్న వేగానికి చేరనీయక ముందే భారం మోపుతుంది. ఇంతకంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. చాలా కార్లలో బ్రేకు తొక్కుటకు సహాయపడేది ఇంజను లోపలి శూన్యత. ఇటువంటి క్యాంషాఫ్టుతో నెమ్మదిగా తిరిగే ఇంజనులో ఆ శూన్యత తగ్గి బ్రేకు గట్టిపడుతుంది. వేగం కోరి తెచ్చిన భాగం ఆగే శక్తిని హరించిందన్నమాట! అట్లని 302ను యథాతథంగా అనుకరిద్దామన్నా, 11:1 సంపీడనం నాటి అధిక ఆక్టేను సీసపు పెట్రోలును నమ్ముకొన్నది. అమెరికా రోడ్లపై సీసపు పెట్రోలు 1996 నుండి నిషిద్ధం.

ఈ పొరపాటుకు మూలం ఒక తప్పుడు కూడిక. ఈ కార్బ్యురేటరు 20 అశ్వశక్తులు పెంచును, ఈ క్యాంషాఫ్టు 30 పెంచును, కాబట్టి మొత్తం 50 అనుకొంటారు. ఒకదానిపై ఒకటి ఆధారపడిన రాశులను ఆ విధంగా కూడరాదు. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్లు, రెండూ బలమైనవే అయినా అరక సాగదు.

కనుక ఎన్నిక చక్రం వద్ద ప్రారంభించి వెనుకకు నడవాలి. కారు బరువెంత, ఎక్కువకాలం ఏ వేగంలో పోవును, దొరికే పెట్రోలు ఏది అని ముందు తేల్చుకోవాలి. దానినిబట్టి ఇరుసు, గేర్లు. వాటినిబట్టి ఇంజను పనిచేయవలసిన చుట్లు. ఆ చుట్లకు తగిన క్యాంషాఫ్టు. దానికి తగిన సంపీడనం. చివరకు కార్బ్యురేటరు, గొట్టాలు. దుకాణంలో మొదట కంటికింపైనది మెరిసే కార్బ్యురేటరు. ఎన్నికలో అది చివర రావలసినది.

302 ఇంజను గొప్ప రచనే. అయితే అది పందెపు బాట కొరకు వ్రాసిన రచన. దానినుండి నేర్వవలసినది దాని భాగాలను కాదు, ఆ భాగాల పొందికను. ఉపాధ్యాయులు పై అంకెలను నల్లబల్లపై వ్రాసి, ఇరుసు నిష్పత్తి 4.10 అయితే ఫలితమేమని విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చు. భాగహారం తెలిసిన ఏ విద్యార్థియైనా చేయగల లెక్క ఇది. భాగాలు కొనకముందే చేసుకొంటే డబ్బు మిగులుతుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణం కూడా.