దిగుడులో నీలిపొగ

అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట పొలిమేరకు వచ్చేసరికి, వెనక బైకు మీద వస్తున్న మా బావమరిది హారన్ మీద హారన్ కొట్టి నన్ను ఆపేశాడు. హెల్మెట్ తీసి కళ్లు తుడుచుకుంటూ, "బావా, పొగబెట్టిన ఎలుక కలుగులో కూర్చున్నా ఇంతకంటే నయం" అన్నాడు. అద్దంలోకి చూశాను. ఏమీ లేదు. బండి బుద్ధిమంతుడిలా నిలబడి గుడగుడలాడుతోంది.

తోలేవాడికి తన బండి పొగ కనపడదు. చూపు ముందుకి, గొట్టం వెనక్కి. ఊరంతా చూశాక చివరికి మనకి తెలుస్తుంది.

మాది పాత మారుతీ వ్యాన్. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్ కాలం నాటిది. 1984లో రోడ్డెక్కి, తర్వాత ఓమ్నీ అని పేరు మార్చుకుని, 2019 దాకా తయారైన డబ్బా అది. బడిపిల్లల్ని, పాలక్యాన్లని, పెళ్లి సామాన్లని, ఆసుపత్రికి రోగుల్ని మోసింది. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ఎండాకాలం తొడలు కాలతాయి గానీ, సీటు ఎత్తితే చాలు, రోగి ఎదురుగా పడుకుని ఉంటాడు. తప్పు బండిది కాదని ముందే ఒప్పుకుంటాను. ఆయిల్ మార్పు వచ్చే నెల, ఆపై నెల అంటూ వాయిదా వేసింది నేనే.

మొదట చూసిన మెకానిక్ సైలెన్సర్ గొట్టం వైపు ఒక్కసారి చూసి, "రింగులు పోయాయి సార్. ఇంజను దించి బోరు కొట్టించాలి" అన్నాడు. అతను చెప్పిన డబ్బుకు ఇంకో పాత వ్యాన్ వస్తుంది.

నీలిపొగ వస్తోందంటే ఆయిల్ మండుతోందనే. అంతవరకు అతని మాట నిజం. కానీ ఆ ఆయిల్ సిలిండర్లోకి ఎటునుంచి వస్తోంది? కిందనుంచి, అరిగిన పిస్టన్ రింగుల్ని దాటి రావచ్చు. పైనుంచి, వాల్వు కాడ వెంబడి జారి రావచ్చు. ఆ కాడకి రబ్బరు సీలు ఉంటుంది, అది గట్టిపడితే ఆయిల్ ఆగదు. పొగ రంగు రెండిటికీ ఒకటే, ఖర్చు మాత్రం ఒకటి కాదు. అందుకే రంగు చూసి తీర్పు చెప్పేవాళ్లంటే నాకు నమ్మకం తక్కువ. ఎప్పుడు వస్తోంది అని అడగాలి.

అడిగాను. "ఎక్కేటప్పుడు కూడా పొగ వచ్చిందా?"

మా వాడు కాసేపు ఆలోచించాడు. "లేదు బావా. బొర్రా దగ్గర టీ తాగేదాకా నీ వెనకే ఉన్నాగా. దిగాక, ఇక్కడ మళ్లీ ఎక్సిలేటర్ తొక్కావు చూడు, అప్పుడే గుప్పున వచ్చింది."

నాకు సగం ప్రాణం లేచొచ్చింది. రింగులే పోతే, నిండు బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు పొగ మానేది కాదు. దిగేటప్పుడు కథ వేరు. కాలు తీసేస్తాం, గాలి దారి దాదాపు మూసుకుపోతుంది, చక్రాలు మాత్రం ఇంజన్ని తిప్పుతూనే ఉంటాయి. గాలికి మొహం వాచిన సిలిండరు దొరికినదల్లా పీలుస్తుంది. గట్టిపడ్డ సీళ్ల సందుల్లోంచి ఆయిల్‌నీ పీలుస్తుంది. అలా చేరిందంతా కొండ దిగాక తొక్కగానే ఒక్కసారి మండుతుంది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడని గేటు దగ్గర నిలబెట్టి స్టార్ట్ చేశాను. "వచ్చింది. పది లెక్కపెట్టేలోగా పోయింది కూడా" అంది. రాత్రంతా వాల్వుల మీంచి కారిన బొట్లు అవి. సీళ్లేనన్న అనుమానం బలపడింది.

కాలుష్య పరీక్షలో ఈ బండి హాయిగా పాసైంది మరి! పెట్రోలు బండికి అక్కడ కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, అదీ నిలబడ్డ బండికి. మా రోగం కొండ దిగితేగానీ బయటపడదు.

ఇంత తెలివి నాకు ముందునుంచీ ఉందనుకోకండి. పోయిన చలికాలం తెల్లపొగ చూసి, ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనపడి, హెడ్ గాస్కెట్ పోయిందని రెండు రాత్రులు నిద్రపోలేదు. తీరా చూస్తే అది ఆవిరి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఇంటినుంచి రైతుబజారుకి, రైతుబజారునుంచి ఇంటికి తిరిగే బండి ఆ తేమ ఎగిరిపోయేంత వేడెక్కదు. ఒకసారి శ్రీకాకుళం వెళ్లొస్తే మీగడ మాయం. గాస్కెటే పోతే రేడియేటర్‌లో నీళ్లు తరుగుతాయి, బుడగలు వస్తాయి, వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగదు. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తియ్యకండి, మొహం ఉడికిపోతుంది.

నల్లపొగంటే పెట్రోలు ఎక్కువై, గాలి తక్కువైందని. ముందు ఎయిర్ ఫిల్టర్ దులపండి, చోక్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. మా అమ్మాయి చోక్ లాగి ఆడుకుని వదిలేస్తే, వారంపాటు కార్బొరేటర్‌ని తిట్టాను.

రెండో మెకానిక్ కుర్రాడు. కంప్రెషన్ చూద్దాం అన్నాడు. ప్లగ్గులు విప్పి గేజి పెడితే, రెండు సిలిండర్లు సమానంగా వచ్చాయి, మూడోది కాస్త తగ్గింది. ఆ ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు పైకి లేచింది. ఆయిల్ రింగుల చుట్టూ సందులు మూసిందన్నమాట. అంటే ఒకచోట రింగులూ కొద్దిగా అరిగాయి. మొదటి మెకానిక్ పూర్తిగా అబద్ధం చెప్పలేదు పాపం.

అయినా ఇప్పటికి సీళ్లే అనుకున్నాం. హెడ్డు దించి ఆరింటినీ మార్చాడు. పాతవి నా చేతిలో పెట్టాడు. చింతగింజల్లా ఉన్నాయి, గోరు దిగలేదు. ఒకదాన్ని వంచబోతే పటుక్కున విరిగింది.

మొన్న మళ్లీ అరకు వెళ్లొచ్చాం. కొండ దిగాక ఆపి అడిగితే, "గుప్పున రావడం లేదు. సన్నగా, అగరొత్తంత" అన్నాడు మా బావమరిది. మూడో సిలిండర్! ఇంటికొచ్చాక ఆయిల్ పుల్ల తీసి చూసి, పాలలెక్క రాసే క్యాలెండర్ మీదే దాని లెక్కా రాశాను. ఈసారి మాత్రం తను ముందు పోతానంటున్నాడు. మరి పొగ చూసేదెవరని అడిగితే, "అక్కని వెనక్కి తిప్పి కూర్చోబెట్టు" అన్నాడు.