'మొహమెడన్' : ఒక పదం, పలు అర్థాలు

ఆంగ్లంలో 'మొహమెడన్' అనే పదం ఎదురుకాగానే అనువాదకులు కొందరు 'మహమ్మదీయుడు' అనీ, మరికొందరు 'ముస్లిం' అనీ రాసి ముందుకు సాగుతారు. 'మొహమెడన్ లా' అని ఉంటే 'షరీఅత్' అని రాసేవారూ లేకపోలేదు. ఈ పదం చరిత్ర తెలిస్తే ఇంత తొందర తగదని బోధపడుతుంది.

మధ్యయుగాల ఐరోపా కావ్యాలు ముస్లింలను విగ్రహారాధకులుగా చిత్రించాయి. దైవప్రవక్త (స) నామమే ఫ్రెంచి మీదుగా వికృతమై, ఆంగ్లంలో 'మామెట్' అయి, 'విగ్రహం' అనే అర్థాన్ని పొందింది. షేక్‌స్పియర్ కాలానికి ఆ మాటకు 'బొమ్మ' అనే అర్థమూ వచ్చింది. విగ్రహారాధనను నిర్మూలించిన మహనీయుని నామానికి ఇంతకు మించిన అపచారం ఏముంటుంది? తర్వాత వ్యాప్తిలోకి వచ్చిన 'మొహమెడన్'లో ఆ దూషణ లేదు గాని, 'క్రిస్టియన్' పోలికలో వినిపించే ఆ మాట ముస్లింలు ప్రవక్తను ఆరాధిస్తారన్న భ్రమకు తావిచ్చింది.

హెచ్.ఎ.ఆర్. గిబ్ 1949లో తన గ్రంథానికి 'మొహమెడనిజం' అని పేరు పెట్టి, పూర్వం ముస్లింలే తమ సమాజాన్ని 'ఉమ్మతె ముహమ్మదియ' అని గర్వంగా చెప్పుకున్నారని సమర్థించుకున్నాడు. ఇందులో సగం నిజముంది. సర్ సయ్యద్ 1877లో అలీగఢ్‌లో స్థాపించిన కళాశాల పేరు 'మొహమెడన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీ'యే. 1920లో అది ముస్లిం విశ్వవిద్యాలయమైంది. అయితే 'ముహమ్మదియ' అనేది ఉమ్మత్‌కు ప్రవక్త (స)తో గల అనుబంధాన్ని తెలిపే విశేషణం. ధర్మం పేరు మాత్రం ఇస్లామే. సమాజానికి చెల్లిన విశేషణాన్ని ధర్మానికి నామధేయం చేయడమే గిబ్ వాదంలోని లోపం.

పాశ్చాత్య పండితుల వాడుక కూడా క్రమంగా మారింది. 1950లో 'ముహమ్మదన్ జూరిస్‌ప్రుడెన్స్' అన్న షాఖ్త్, 1964 నాటి గ్రంథానికి 'ఇస్లామిక్ లా' అని పేరు పెట్టాడు. గోల్డ్‌జిహర్ జర్మన్ గ్రంథం శీర్షికలోని 'ముహమ్మదన్', 1967లో వెలువడిన ఆంగ్లానువాదంలో 'ముస్లిం' అయింది.

అసలు చిక్కు న్యాయస్థానాల వాడుకతోనే. 'మొహమెడన్ లా' అంటే బ్రిటిషు కాలం నుండి భారతీయ న్యాయస్థానాలు ముస్లింలకు వర్తింపజేసిన వైయక్తిక చట్టం. సంతానం కోసం చేసిన వక్ఫులో ధర్మకార్యానికి దక్కేది నామమాత్రమైతే అది చెల్లదని 1894లో అబుల్ ఫతా కేసులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ముస్లింలు అది షరీఅత్‌కు విరుద్ధమని ఆందోళన చేయగా, అటువంటి వక్ఫులకు చెల్లుబాటు కల్పిస్తూ 1913లో చట్టం వచ్చింది. ఆ తీర్పును అనువదిస్తూ 'మొహమెడన్ లా'ను 'షరీఅత్' అని రాస్తే ఏమవుతుంది? సంతాన వక్ఫును షరీఅతే నిషేధించిందని పాఠకుడు నమ్ముతాడు. ఆంగ్ల న్యాయమూర్తుల పొరపాటు షరీఅత్ మెడకు చుట్టుకుంటుంది.

కనుక సంస్థల, గ్రంథాల పేర్లలో 'మొహమెడన్'ను యథాతథంగా ఉంచాలి. మనుషులను ఉద్దేశించిన చోట 'ముస్లిం' అనాలి. న్యాయగ్రంథాల్లో 'మొహమెడన్ లా' అనే ఉంచి, అది న్యాయస్థానాల చట్టమని ఒక్క వాక్యంలో వివరించాలి. 'షరీఅత్' అనే మాటను షరీఅత్‌కే మిగల్చాలి.