అట్ట మీద తరగతి అంకె

ఆరో తరగతి పిల్లాడికి మూడో తరగతి లెక్కల పుస్తకం ఇచ్చి చూడండి. అట్ట కనబడకుండా బోర్లా పెట్టేస్తాడు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత వర్క్‌బుక్కులకు నేను ముందు చేసే పని పాత పేపరుతో అట్టలు వేయడం. నాంపల్లి స్టేషన్ దగ్గర సాయంత్రాలు నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, తెలుగువాళ్లున్నారు, మార్వాడీలున్నారు. సిగ్గు మాత్రం అందరికీ ఒకటే.

52లోంచి 27 తీసేయమంటే ఒకమ్మాయి 35 వేసింది. ఇంటూ కొట్టేస్తే మన పని అయిపోతుంది, ఆ పిల్ల పని కాదు. రెండులోంచి ఏడు పోదు కదా అని ఏడులోంచే రెండు తీసేసింది. అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పించాకగానీ అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో తెలియలేదు. గదినిండా పిల్లలుంటే ఎవరి తప్పు ఎక్కడ పుట్టిందో వెతికే తీరిక ఏ టీచరుకుంటుంది? జవాబును బట్టి తర్వాతి లెక్క మార్చే ట్యాబ్ ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. వెంటనే 61లోంచి 34 తీయమంటుంది. 33 అని వస్తే అది తొందరపాటు కాదని తేలిపోతుంది. పైగా తెర మీద తరగతి అంకె చూసి నవ్వడానికి పక్కవాడికి వీలుండదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకోవడం మాత్రం దానికి కనబడదు, అది మనమే చూడాలి.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే ఇలాంటి ప్రోగ్రామ్‌ మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. ఆ పిల్లలు ఆరో తరగతికొచ్చేసరికే లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. లాటరీలో సీటొచ్చి, బడి అయ్యాక కేంద్రానికి వెళ్లినవాళ్లు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మిగతావాళ్లను దాటేశారు. అయితే బడి పరీక్షల్లో హిందీ మార్కులు పెరిగాయి, లెక్కల మార్కులు పెరగలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. మూడో తరగతి మెట్టు నుంచి నాలుగో దానికి ఎక్కిన పిల్లను ఆరో తరగతి ప్రశ్నపత్రం ఎలా గుర్తిస్తుంది?

2025లో తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక బళ్లలోనూ ఏఐతో చదువు చెప్పడం మొదలైంది. సంతోషం. దాంతోపాటు టైంటేబుల్లో సిలబస్ ఊసులేని పీరియడ్ ఒకటి ఉండాలి. ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డులో ‘రెండంకెల తీసివేత వచ్చింది’ అని రాసే గడి కూడా ఉండాలి. ఆ గడి నింపిన టీచరును ఏ అధికారీ సంజాయిషీ అడగకూడదు.