గట్టురాతి గానుగ

అనంతపురం సీమలో రాతిపని ముచ్చట వస్తే అందరం లేపాక్షి బసవన్న దగ్గరే ఆగిపోతాం. ఏకశిలలో తొలిచిన ఆ నందిని ఎంతసేపు చూసినా తనివి తీరదు, నిజమే. కానీ అలాంటి గట్టురాతినే తొలిచి, తరాల తరబడి ఊళ్లకు కూరలోకి, దీపంలోకి నూనె ఇచ్చిన వస్తువొకటి ఈ పల్లెల్లో కంపచెట్ల మధ్య సగం పూడి పడి ఉంటుంది. అది రాతి గానుగ. పెద్ద రోలేమో అనుకొని దాటి వెళ్లిపోతుంటారు. నిజానికి అదొక యంత్రం. కదిలే భాగాలన్నీ ఏనాడో చెదలుపట్టి పోగా మిగిలిన దిమ్మె మాత్రమే మనకు కనబడేది.

మట్టి తీసేసి లోపలికి చెయ్యి పెట్టి తడిమితేగాని అందులోని పనితనం తెలీదు. పైన వెడల్పాటి నోరు. పోసిన గింజ చెదిరిపోకుండా లోపలికి జారేటట్టు వాలుగా చెక్కి ఉంటుంది. కిందికి పోయేకొద్దీ సన్నబడి ఒకచోట ఇరుకవుతుంది. దాని కింద మళ్లీ కాస్త బొజ్జ, రోకలి అడుగు కుదురుగా నిలిచి తిరగడానికి. నలుగుడంతా ఆ ఇరుకులోనే. రాతికీ రోకలికీ మధ్య సందు ఎక్కువైతే గింజ ఊరికే దొర్లుతుంది, తక్కువైతే రోకలి పట్టేస్తుంది. చేతి ఉలితో, కంటి కొలతతో, అడుగుల లోతున ఆ గుండ్రం తప్పకుండా తొలవడం మాటలు కాదు. దేవాలయం స్తంభం మీద ఒక చెక్కు ఎగిరిపోతే దాన్ని లతగానో పువ్వుగానో సర్దుకోవచ్చు. ఇక్కడ చెక్కు లేస్తే నూనె దిగదు.

అందుకే రాయి ఎంపిక దగ్గరే సగం పని ఉంది. తాడిపత్రి నాపరాయి లాంటిది పలకలు పలకలుగా విడిపోతుంది, గచ్చుకు బంగారం గానీ గానుగకు పనికిరాదు. బీటలేని గట్టురాయి కావాలి. ఆ రాయికి ఈ పీఠభూమిలో కొదవ లేదు.

దిమ్మెలో పెద్ద భాగాన్ని భూమిలో పాతేస్తారు. ఎద్దులు లాగినా కదలకూడదు కదా. రోకలి తుమ్మ లాంటి గట్టి చేవమానుది. అది నిట్టనిలువుగా నిలవదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దాని తలను ఒక వంపుకొయ్య పట్టుకుంటుంది. ఆ కొయ్య కింద అడ్డంగా ఉన్న దూలానికి కట్టి ఉంటుంది. దూలం ఒక కొస గానుగ మొదలును ఒరుసుకుంటూ తిరుగుతుంది, రెండో కొసకు ఎద్దులు. దూలం మీద బరువు రాళ్లు పెడతారు, లేదా గానుగ ఆడించే మనిషే ఎక్కి కూర్చుంటాడు. బరువు కిందికి లాగేకొద్దీ ఒరిగిన రోకలి రాతి గోడకు మరింత బిగుసుకుంటుంది. పళ్ల చక్రం లేదు, మర లేదు. ఒరుగు, బరువు, నడక ఈ మూడే కలిసి గింజలోంచి నూనె పిండుతాయి. మొదట్లోనే బరువు వేస్తే గింజ మొరాయిస్తుంది. నలిగేకొద్దీ పెంచాలి.

అన్నిటికంటే సూక్ష్మమైన పని నీళ్లు చల్లడం. నూనెకు నీళ్లా అనిపిస్తుంది. కానీ నలిగిన పిండి ముద్దకట్టి చెక్కగా మారితేనే నూనె విడిపోయి పైకి తేలుతుంది. నీరు చాలకపోతే పిండి పొడిపొడిగా ఉండి నూనెను వదలదు, ఎక్కువైతే జావై నూనె కలగాపులగమవుతుంది. గింజ పాతదా కొత్తదా, ఎండ ఎట్లా ఉంది, ఇవన్నీ చూసి ఎప్పుడు ఎంత చల్లాలో చెప్పేది చెయ్యే. చిటికెడు పిండి వేళ్లతో నలిపి చూసుకునే గాండ్లవాళ్ల విద్య అది. గానుగెద్దు బతుకు అని జాలిపడతాం గానీ దాని వెనక ఉన్న ఈ లెక్కను ఎవరం పట్టించుకోలేదు.

ఈ గానుగలు వేరుశనగ కోసం పుట్టినవి కావు. ఆ పంట దక్షిణ అమెరికాది, ఈ మెట్టను కమ్మేసింది నిన్నమొన్ననే. అంతకుముందు నువ్వులు, కుసుమలు, వేప, కానుగ గింజలు ఆడేవి. ఆముదం మాత్రం చాలామంది ఇళ్లలోనే వండి తీసుకునేవాళ్లు. విజయనగర కాలపు శాసనాల్లో గానుగల మీద పన్ను కనిపిస్తుంది. గుడి దీపాలకు గానుగ నుంచి నూనె ఇవ్వాలన్న ఏర్పాట్లు కన్నడ, తమిళ శాసనాల్లోనూ ఉన్నాయి. పన్ను కట్టించుకున్నారంటే రాజుల దృష్టిలో అది పరిశ్రమే.

గాంధీజీ 1934లో వార్ధాలో పెట్టిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం గానుగను చిన్నచూపు చూడలేదు. ఎద్దుకు శ్రమ తగ్గేలా, నూనె ఎక్కువ దిగేలా దాన్ని దిద్ది వార్ధా గానుగ తయారుచేసింది. హైదరాబాద్ ప్రాంతీయ పరిశోధనాలయంలో నూనెల రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన కె.టి. అచ్చయ ఆ తర్వాత గానుగ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

గానుగ చెక్కలో పదో వంతుకు అటూ ఇటూగా నూనె మిగిలిపోతుంది. సాల్వెంట్ మిల్లు ఒక శాతం కూడా మిగల్చదు. మిల్లు లెక్కలో అది నష్టం. కరవు సీమ రైతు లెక్క వేరు. మేత దొరకని ఏడు చెక్కలో మిగిలిన ఆ నూనే పశువును నిలబెట్టింది.

ఇప్పుడు పట్నాల్లో కట్టెగానుగ నూనె బోర్డులు చాలా కనిపిస్తున్నాయి. మోటారు పెట్టినంత మాత్రాన తప్పులేదు. రోకలి నిదానంగా తిరుగుతోందా, చెక్క చేతికి కాలకుండా వస్తోందా అన్నదే చూడాలి. పరుగులు పెట్టించి వేడెక్కిస్తే అది గానుగ పేరు పెట్టుకున్న మిల్లు.

పాత రాతి గానుగల సంగతి మాత్రం తొందరపడాల్సిందే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, ఇంటి పునాది తవ్వేటప్పుడు వాటిని పగలగొట్టి కంకరలో కలిపేస్తున్నారు. కర్ణాటకలో, తమిళనాట ఇలాంటి గానుగల మీద చెక్కిన శాసనాలు దొరికాయి. మీ ఊళ్లో ఒకటుంటే అంచు కడిగి అక్షరాలేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఫోటో తీసి పురావస్తు శాఖకు పంపండి. లేకపోయినా దాన్ని పగలనివ్వకుండా రచ్చకట్ట దగ్గరికి చేర్పించండి.